ఛాంపియన్‌గారి అడవి ప్రయాణం

కళ్ళజోళ్ళ దుకాణం వెనకగదిలో కూర్చుని అద్దం అంచు అరగదీస్తున్న మనిషికి బడి నుంచి ఫోనొచ్చింది.

"సార్, నేను ఆటల టీచర్ని. సైకిల్ యాత్రకి మీరు వస్తున్నందుకు చాలా సంతోషం. హెల్మెట్ సైజెంతో చెబితే తెప్పించేస్తాను," అంది అవతలి గొంతు.

రాంగ్ నంబరనుకున్నాడు. మర్యాదగా ఆ మాటే చెప్పబోయాడు.

"అదేనండీ, పదో తరగతి పిల్లలతో నేషనల్ పార్కులో నాలుగు రోజులు. మాతో పెద్దవాళ్ళు ఇంకొకరుండాలని పార్కువాళ్ళ రూలు. మీ అమ్మాయి మీ పేరే ఇచ్చింది కదా."

మీ అమ్మాయి అన్న దగ్గర ఆయన చేతిలో అద్దం ఆగిపోయింది. ఏదో గొణిగి, తల చుట్టుకొలత తనకి తెలీదని చెప్పి ఫోన్ పెట్టేశాడు. అయిదు నిమిషాల తర్వాత చూసుకుంటే, అరగదీస్తున్న అద్దం ఎడమదో కుడిదో గుర్తు రాలేదు.

ఆ వీధిలో అందరూ ఆయన్ని అద్దాలాయన అంటారు. ఇరవై ఏళ్ళుగా ఆ వెనకగదే ఆయన ప్రపంచం. ముందుగదిలో యజమాని వచ్చినవాళ్ళ మొహానికి తగ్గ ఫ్రేములు చూపిస్తూ పొగుడుతుంటే, వెనక ఈయన తిరిగే రాయి మీద అద్దాన్ని ఫ్రేముకి సరిపడా అరగదీసి, చీమతలంత స్క్రూలు బిగించి, కాడలు వంచి ఇస్తాడు. నలభై దాటేదాకా పెళ్ళి మాట ఆయన ఎత్తలేదు, ఎవరూ ఎత్తనూ లేదు. అలాంటిది రైల్వే స్టేషన్లో టికెట్లిచ్చే ఒకావిడ కాడ విరిగిన కళ్ళజోడు పట్టుకుని వచ్చింది. ఇంకోసారి అదే కాడ వదులైందని వచ్చింది. మూడోసారి ఏ కాడా వదులవకుండానే వచ్చింది. అలా పెళ్ళయింది.

ఆవిడకి అప్పటికే ఒక కూతురు. ఆ పిల్ల తండ్రి అచ్చాఫీసులో పనిచేసేవాడు, పిల్లకి ఊహ తెలుస్తున్న రోజుల్లోనే పోయాడు. ఈ పెళ్ళికి పిల్ల అడ్డు చెప్పలేదు, సంబరపడనూ లేదు. ఏడాదిన్నర నుంచి ముగ్గురూ ఒకే ఇంట్లో ఉంటున్నారు గానీ, ఆ పిల్ల ఇంతవరకూ ఆయన్ని ఏ పిలుపూ పిలవలేదు. నాన్నా అనలేదు సరే, బాబాయ్ అనలేదు, అంకుల్ అనలేదు, కనీసం ఏవండీ అనలేదు. అవసరమొస్తే ఎదురుగా వచ్చి నిలబడి మాట మొదలుపెట్టేది. దూరంగా ఉంటే, "అమ్మా, ఆయన ఫోన్ మోగుతోంది" అనేది. ఆయనకీ ఏమని పిలిపించుకోవాలో తెలియక ఊరుకున్నాడు.

అలాంటి పిల్ల తన పేరెందుకిచ్చింది?

ఆ సాయంత్రం అన్నాల దగ్గర నెమ్మదిగా కదిపాడు. "మీ మేడమ్ ఫోన్ చేసింది. నేను యాత్రకి వస్తున్నానట."

పిల్ల పళ్ళెంలోంచి తలెత్తకుండానే, "వస్తారా, రారా?" అంది.

"ఆయనెందుకే? నన్నడగచ్చుగా," అంది తల్లి. ఆవిడకీ ఈ సంగతి అప్పుడే తెలిసింది.

"నువ్వు కౌంటరొదిలి నాలుగు రోజులు రాలేవు. వచ్చినా ప్రతి మలుపు దగ్గరా జాగ్రత్త జాగ్రత్త అంటావు."

తల్లి నవ్వి ఆయన వైపు చూసింది. పిల్ల కూడా చూసింది. ఇద్దరూ ఒకేసారి చూసేసరికి ఆయన కంగారుపడి, "వస్తాను," అనేశాడు. అన్నాక గానీ గుర్తు రాలేదు, తను సైకిలెక్కి పాతికేళ్ళయిందని.

పక్క దుకాణంలో గడియారాలు బాగుచేసే పెద్దాయన తన కొడుకు సైకిలిచ్చి, గేర్లు నేర్పించాడు. ఎడమచేతి మీట తిప్పితే పెద్ద తేడా, కుడిచేతి మీట తిప్పితే చిన్న తేడా అన్నాడు. ఎక్కడంలో తేలిక గేరు, దిగడంలో బరువు గేరు అన్నాడు. అద్దాలాయన తల ఊపాడు గానీ, సైకిలెక్కాక ఏ చేతిది ఏదో తారుమారైపోయేది. చదును రోడ్డు మీద కాళ్ళు గిర్రున తిరిగినా బండి కదిలేది కాదు, చిన్న ఎత్తు రాగానే పెడలు బండరాయిలా బిగుసుకునేది. "పోన్లెండి, అడవిలో ఎవరు చూస్తారు," అన్నాడు గడియారాలాయన.

యాత్ర రోజున వ్యాను అందర్నీ పార్కు గేటు దగ్గర దించింది. పిల్లలు డజను మంది, ఆటల టీచరు, అద్దాలాయన. సామాన్లతో వ్యాను బయటి రోడ్డు మీదుగా ప్రతి సాయంత్రం బసకి చేరుతుంది, సైకిళ్ళు లోపలి దారిన వెళతాయి. అటవీ గార్డు గేటు దగ్గర నిలబడి, దారి దిగకూడదు, తిండి గుడారాల్లో పెట్టుకోకూడదు, జంతువు కనిపిస్తే అరవకూడదు, పరుగెత్తకూడదు అని అప్పజెప్పినట్టు చెప్పాడు. ఆటల టీచరు అందరికీ ఆయన్ని పరిచయం చేస్తూ, "వీరు మన కెప్టెన్ నాన్నగారు," అంది.

బళ్ళో ఆ పిల్లని కెప్టెన్ అంటారని ఆయనకి ఆ క్షణందాకా తెలీదు. పిల్ల వైపు చూశాడు. తను హెల్మెట్ పట్టీ సరిచేసుకుంటోంది. అవుననలేదు, కాదనలేదు. ఇంకేం చేయాలో తోచక అందరికీ దణ్ణం పెట్టాడు. పిల్లలు ఒకళ్ళనొకళ్ళు మోచేతులతో పొడుచుకుని ఆయన్ని ఎగాదిగా చూశారు. ఆ చూపుల్లో ఏదో గౌరవం ఉన్నట్టనిపించింది. ఎందుకో అర్థం కాలేదు.

"మీరు తోక సార్," అంది ఆటల టీచరు. "అంటే అందరికంటే వెనక. మీ వెనక ఎవరూ ఉండకూడదు. దారి చీలిన చోటల్లా ఒక పిల్లని నిలబెడతాను, మీరు వచ్చేదాకా ఆ పిల్ల అక్కణ్ణుంచి కదలదు. మిమ్మల్ని చూశాక ఇద్దరూ కలిసి రండి."

తోకగా ఉండటం ఆయనకి బాగానే కుదిరింది. ఆయన్ని ఎవరూ దాటిపోయే ప్రశ్నే లేదు. ఆయన ముందు ఎప్పుడూ ఒకే అమ్మాయి ఉండేది. ఆ అమ్మాయి తనకి తానే నత్తమ్మ అని పేరు పెట్టుకుంది. సైకిలు ఎంత మెల్లగా నడిపేదో నోరు అంత వేగంగా నడిపేది.

దారి కొంతదూరం తారు, కొంతదూరం కంకర. రెండు పక్కలా చెట్లు పైన కలుసుకుని నీడ పరిచాయి. ఎక్కడో కొమ్మల్లో ఒక పిట్ట ఆగి ఆగి కూస్తోంది. మధ్యాహ్నం ఎత్తు మొదలైంది. ఆయన కుడి మీట తిప్పాడు, పని చేయలేదు, ఎడమ మీట తిప్పాడు, గొలుసు కటకటమని పళ్ళు కొరికింది. దిగి తోయడం మొదలుపెట్టాడు. నత్తమ్మ కూడా దిగింది.

"అంకుల్, మాకోసం కావాలని మెల్లగా వస్తున్నారు కదూ?"

"ఎందుకలా అడుగుతున్నావు?"

"మీరు పెద్ద ఛాంపియన్ అట కదా. వరసగా మూడేళ్ళు కప్పు కొట్టారట. ఒకసారి టైరు పేలిపోతే ఉత్త రిమ్ము మీదే ఆఖరి రౌండు తొక్కి గెలిచారట. కెప్టెన్ ఎప్పుడో చెప్పింది, క్లాసులో అందరికీ తెలుసు."

ఆయన సైకిలు తోస్తూ, ఆయాసపడుతూ ఆలోచించాడు. తను ఏనాడూ ఏ పోటీలోనూ లేడు. మరి ఎవరి సంగతిది? ఆలోచించగా ఒక్కటే తట్టింది. ఆ పోయినాయన సంగతై ఉంటుంది. కూతురు తండ్రి గురించి బళ్ళో చెప్పుకుని ఉంటుంది. పిల్లలకి పాత తండ్రి, కొత్త తండ్రి తేడా ఏం తెలుసు? కెప్టెన్ నాన్న అనగానే ఆ కప్పులన్నీ తెచ్చి తన నెత్తిన పెట్టారు.

ఆ సాయంత్రం అడవి బంగళా అరుగు మీద అందరూ కాళ్ళు చాపుకుని కూర్చున్నప్పుడు, తిండిపోతని పేరున్న ఒక కుర్రాడు అడగనే అడిగాడు. "అంకుల్, ఆ రిమ్ము సంగతి చెప్పండి."

అందరూ ఆయన వైపు తిరిగారు. పిల్ల బూటు లేసు విప్పుకుంటోంది. ఆ చేతులు ఆగిపోవడం ఆయన చూశాడు. కాదంటే, ఇంతమంది ముందు ఆ పిల్ల తండ్రి జ్ఞాపకాన్ని తీసిపారేసినట్టవుతుంది. అవునంటే పచ్చి అబద్ధం. "పాత సంగతులు ఎందుకులే బాబూ. ఇప్పుడు మోకాలు బాగోలేదు," అన్నాడు.

అందరూ అయ్యో అన్నారు. పిల్ల చటుక్కున లేచి, ఒక బూటుతోనే లోపలికి వెళ్ళిపోయింది.

మంచిపనే చేశాననుకున్నాడు. మరి ఆ పిల్ల మొహం ఎందుకలా మాడిపోయిందో తెలియలేదు.

మర్నాడంతా ఆ పిల్ల ఆయనకి దొరకలేదు. అందరికంటే ముందు వెళ్ళింది, బసలో అందరికంటే దూరంగా కూర్చుంది. ఒకసారి నీళ్ళ పంపు దగ్గర ఎదురుపడితే ఆయన నవ్వాడు. పిల్ల సీసా నింపుకుని వెళ్ళిపోయింది. ఆయన బుర్ర వేడెక్కిపోయింది. మోకాలు బాగోలేదన్నందుకు కోపమా? ఛాంపియన్‌కి మోకాలు పాడవడం అవమానమా? లేక తన తండ్రి పేరు మరొకడు వాడుకున్నాడని మంటా? అదే అయితే తనని రమ్మనడం దేనికి?

బస పక్కన గుట్ట మీద ఒకచోట మాత్రం ఫోన్ అందుతుందని తెలిసి, ఆయన ఎక్కి భార్యకి ఫోన్ చేశాడు. అడగవలసింది ఒక్కటే మాట. మీ మొదటాయన సైకిల్ పోటీల్లో ఉండేవాడా? ఆవిడ గొంతు వినపడగానే ఆ మాట పక్కన పెట్టేశాడు.

"అక్కడ వాన పడుతోందా?" అన్నాడు.

"లేదు. ఎందుకు?"

"ఊరికే."

"పిల్ల ఎలా ఉంది?"

"బాగానే ఉంది. నాకంటే ముందుంటోంది," అని పెట్టేశాడు.

మూడోరోజు వాన ఇక్కడే పట్టుకుంది. పొద్దున్నుంచి సన్నగా పడుతూనే ఉంది. నత్తమ్మ కడుపునొప్పని వ్యానెక్కేసింది, తోక ముందు ఎవరూ లేకుండా పోయారు. దారికి అడ్డంగా ఒక వాగు వచ్చింది. పిక్కల లోతు నీళ్ళు. సైకిలు భుజానికెత్తుకుని, జారే రాళ్ళ మీద తడుముకుంటూ దాటేసరికి ముందున్నవాళ్ళ మాటలు కూడా వినపడటం మానేశాయి. కాస్త దూరం పోయాక దారి చీలింది. అక్కడ ఒక చెట్టు కింద పిల్ల నిలబడి ఉంది. సైకిలు గడ్డిలో పడి ఉంది.

"గొలుసు తెగింది," అంది. "మేడమ్ వాళ్ళు వెళ్ళిపోయాక చూసుకున్నాను. పనిముట్లు మేడమ్ దగ్గరే ఉన్నాయి."

ఆయన వంగి గొలుసు చూశాడు. ఇంత లావు గొలుసుతో ఏం చేయాలో ఆయనకి ఏమీ తోచలేదు. "నడుద్దాం," అన్నాడు.

ఇద్దరూ సైకిళ్ళు తోసుకుంటూ నడిచారు. ఒక మలుపులో పొదలు కదిలి, ఒక అడవిపంది, దాని వెనక చారల చారల పిల్లలు దారి మీదికి వచ్చాయి. ఆయనకి గార్డు చెప్పింది పరుగెత్తమనో, పరుగెత్తద్దనో గుర్తు రాలేదు. ఒక కాలు ముందుకి, ఒక కాలు వెనక్కి పడింది.

"కదలకండి," అంది పిల్ల మెల్లగా, ఆయన చొక్కా పట్టుకుని.

పంది వాళ్ళ వైపు చూసి, వీళ్ళతో పనిలేదనుకుందేమో, పిల్లల్ని తోలుకుని అవతలి పొదల్లోకి పోయింది. పిల్ల చొక్కా వదిలింది. మళ్ళీ కొంతదూరం నడిచారు.

"అలా ఎందుకన్నారు?" అంది ఉన్నట్టుండి.

"ఏమని?"

"మోకాలు బాగోలేదని."

ఆయన ఆగాడు. "మీ నాన్నగారి సంగతి కదా, నలుగురిలో కాదంటే బాగుండదని..."

పిల్ల కూడా ఆగింది. "మా నాన్న సంగతేంటి?"

"అదే. సైకిల్ పోటీలు, కప్పులు."

"మా నాన్నకి సైకిలే రాదు," అంది. "స్కూటరు కూడా అమ్మే నడిపేది, నాన్న వెనక కూర్చునేవాడు."

ఆయన తెల్లమొహం వేశాడు. వాన నీళ్ళు హెల్మెట్ మీంచి కళ్ళజోడు మీదికి కారుతున్నాయి. తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు. "మరి ఆ ఛాంపియనెవరు?"

"ఎవరూ కాదు. ఎనిమిదిలో ఉన్నప్పుడు క్లాసులో ఒకమ్మాయి మీ నాన్న ఏం చేస్తాడంది. లేడు అంటే జాలిగా చూస్తారు, నాకది నచ్చదు. సైకిల్ ఛాంపియన్ అన్నాను. తర్వాత వాళ్ళడిగినప్పుడల్లా కొంచెం కలుపుతూ పోయాను."

"నేను అప్పటికి మీ ఇంటికే రాలేదు."

"లేదు."

"మరి నా పేరెందుకిచ్చావు?"

పిల్ల కాసేపు గొలుసు తెగిన సైకిలు పెడలు కాలితో తిప్పింది. "ఎన్నాళ్ళని చెప్పను? కాదని చెబుదామంటే నోరు రాలేదు. మీరొస్తే, మీరు తొక్కడం చూసి వాళ్ళకే తెలిసిపోతుందనుకున్నాను. లేకపోతే ఎవరో ఒకరు అడుగుతారు, మీరు 'నేనేంటి, ఛాంపియనేంటి' అంటారు, అయిపోతుంది. మీరేమో..."

"మోకాలన్నాను."

"మీరూ మొదలుపెడతారని నాకేం తెలుసు?"

ఆయనకి కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. తను రెండ్రోజులుగా ఎవరి పరువు కాపాడుతున్నట్టు? లేని మనిషిదా? ఈ పిల్ల అబద్ధం బయటపడాలని తనని తెచ్చుకుంటే, తను దానికి తాళం వేసి కూర్చున్నాడు. అంటే తను సరిగ్గా సైకిలు తొక్కలేడన్న నమ్మకంతోనే తెచ్చుకుంది. అది తిట్టో మెచ్చుకోలో ఎంత ఆలోచించినా తేలలేదు.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాడు.

"మీరే చెప్పండి. పెద్దవాళ్ళు కదా."

"నాకేం తోచడం లేదమ్మా," అన్నాడు ఉన్నమాట.

పిల్ల ఆయన్ని ఒక క్షణం చూసి, ఫక్కున నవ్వింది. ఆ నవ్వు ఎందుకో ఆయన అడగలేదు. బస చేరేదాకా మళ్ళీ ఆ మాట రాలేదు. అక్కడ ఆటల టీచరు ఇద్దర్నీ చూసి, హమ్మయ్య అని గొలుసు బాగుచేయడానికి కూర్చుంది.

ఆఖరి రోజు పొద్దున అందరూ రొట్టెలు తింటుండగా పిల్ల లేచి నిలబడింది.

"ఒక మాట," అంది. "ఈయన ఛాంపియన్ కాదు. ఈయనకి గేర్లు మార్చడమే రాదు. మోకాలు కూడా బాగానే ఉంది. కప్పులు, రిమ్ము, అన్నీ నేనే అల్లాను. మా నాన్న చనిపోయాడు. ఈయన మా అమ్మని పెళ్ళి చేసుకున్నాయన."

ఒక్కగుక్కలో చెప్పేసి కూర్చుంది. రొట్టె నములుతున్న తిండిపోతు ఆగాడు. చివరికి నత్తమ్మ నోరు విప్పింది.

"ఛాంపియన్ కాదని మాకు మొదటిరోజే తెలిసింది. ఎత్తు రాగానే గేరు బరువుకి మార్చారు. కానీ ఆయనే మోకాలనేసరికి, ఒకవేళ నిజమేనేమో అనుకున్నాం."

"నేననుకోలేదు," అన్నాడు తిండిపోతు. "తెలిసిందంటే కెప్టెన్ బాధపడుతుందని ఊరుకున్నాను."

"నేను అంకుల్ బాధపడతారని," అంది ఇంకో అమ్మాయి.

ఆటల టీచరు ఒకళ్ళ మొహం నుంచి ఒకళ్ళ మొహానికి చూస్తోంది. "ఏ ఛాంపియన్? ఏం మోకాలు? నాకెవరూ ఏం చెప్పలేదే," అంది. ఎవరూ ఆమెకి పూర్తిగా చెప్పలేకపోయారు. చెప్పబోయినవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నవ్వారు.

"అది సరే అంకుల్," అంది నత్తమ్మ, "మరి మీరెందుకు అబద్ధమాడారు?"

ఆయన తల గోక్కున్నాడు. "మర్యాదకి," అన్నాడు. ఎవరి మర్యాదకని ఎవరూ అడగకపోవడం ఆయన అదృష్టం.

ఆ రోజు దారి చెరువుదాకా మొత్తం దిగుడే. దిగుడులో ఎవరూ తోసుకుని పోకుండా అందరికంటే మెల్లగా తొక్కేవాళ్ళు ముందుండాలని చెప్పి, ఆటల టీచరు ఆయన్ని అందరికంటే ముందు పెట్టింది. రెండు బ్రేకులూ పట్టుకుని, మలుపు మలుపుకీ ఊపిరి బిగబట్టి, ఆయన అడవిలోంచి కిందికి దిగాడు. వెనక డజను మంది పిల్లలు గంటలు మోగిస్తూ, పాటలు పాడుతూ, ఒక్కళ్ళూ దాటకుండా వచ్చారు. చెరువు కనిపించగానే అరుపులు మొదలయ్యాయి. ఆయన బ్రేకులు వదలబోయి, మనసు మార్చుకుని మళ్ళీ పట్టుకున్నాడు.

ఇల్లు చేరేసరికి భార్య డ్యూటీ నుంచి వచ్చి బట్టలు మడతపెడుతోంది. ఎలా జరిగిందని ఇద్దర్నీ కలిపి అడిగింది. ఆయన అరిచేతులు వాచిపోయి ఉన్నాయి, ఏ కాలు ఎక్కడ నొప్పెడుతోందో తెలియడం లేదు. ఏమని చెప్పాలా అని కూర్చున్నాడు. పిల్ల మంచం అంచున కూర్చుని మొదలుపెట్టింది. వాన గురించి చెప్పింది, నత్తమ్మ గురించి చెప్పింది, అరుగు మీద జరిగింది వదిలేసింది. పంది దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించింది.

"ఇంత పెద్ద మగ పంది, కోరలు కూడా ఉన్నాయి. వంతెన మీద సరిగ్గా మాకెదురుగా వచ్చేసింది. నేను పరుగెత్తబోతుంటే కదలకు అని ఈయనే నన్ను పట్టుకున్నారు."

భార్య మడతపెడుతున్న దుప్పటి ఒళ్ళో పెట్టుకుని ఆయన వైపు తిరిగింది. "నిజంగానా?"

ఆయన పిల్లని చూశాడు. పిల్ల సైగ చేయలేదు, కన్ను కొట్టలేదు. ఆయన ఏమంటాడో తనకీ తెలియనట్టు చూస్తోంది. పంది వచ్చింది నిజం. ఎవరు ఎవర్ని పట్టుకున్నారో ఆయన చొక్కాకి బాగా తెలుసు. ఇప్పుడు కాదనమనా, అవుననమనా?

"వంతెన కాదు," అన్నాడు చివరికి. "అక్కడ వంతెన లేదు. వాగు దాటాక."

"అవును, వాగు దాటాక," అని దిద్దుకుని, పిల్ల మిగతాది చెప్పడం మొదలుపెట్టింది.